కుంట చుట్టూ ట్రాక్ వేస్తే చాలా? ముందు మత్తడి ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైదరాబాద్ శివారులో మీ కాలనీని ఆనుకుని ఐదెకరాల కుంట ఉంది. పైనుంచి ఒక నాలా వచ్చి అందులో కలుస్తుంది. రాత్రిళ్ళు టిప్పర్లు వచ్చి ఒక మూలన మట్టి పోసి పోతున్నాయి. ఇప్పుడు సుందరీకరణ పేరుతో చుట్టూ ట్రాకు, ఫెన్సింగు, నాలాకు కాంక్రీట్ బాక్స్ డ్రెయిన్ వేస్తామంటున్నారు. దీంతో కుంట దక్కినట్టేనా, కాలనీ వాళ్ళం ఇంకేమైనా చేయాలా అన్నారు.

ట్రాకుతో దక్కదండి. నీళ్ళు లోపలికొచ్చే దారి, నిండాక నీళ్ళు పొర్లి బయటికి పోయే రాతి గోడ అంటే మత్తడి, ఆ మత్తడి ఎత్తు. ఈ మూడూ కాగితం మీదా నేల మీదా ఒకేలా ఉన్నంత కాలమే కుంట ఉంటుంది. ఫెన్సింగు వేసిన చెరువులు కూడా చచ్చిపోయాయి మన ఊళ్ళో. నేను చిన్ననీటి పారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజినీరు) రిటైరయ్యాను. ఆ తర్వాత అడిగిన కాలనీలకు మ్యాపులు చదివి పెడుతున్నాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు ఒక సంగతి. హైదరాబాద్ చెరువులు చాలామటుకు వాటంతటవి పుట్టినవి కావు. వాగుకు అడ్డంగా కట్ట పోసి నిలిపిన నీళ్ళు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండాలి, అది దుంకితే ఆ కిందిది, చివరికి మూసీ. ఈ గొలుసులో మీ కుంట ఒక లింకు. 1908 సెప్టెంబరు వరదలప్పుడు మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి, ఒకటి తెగి ఇంకోదాని మీద పడి. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారు చెప్పింది కూడా నీళ్ళను నగరానికి పైనే ఆపమని. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. పెద్ద జలాశయాలు పెద్ద వరదను పట్టుకుంటాయి. గల్లీల్లోకి వచ్చే వరదను పట్టుకోవాల్సింది మాత్రం మీ కుంటలాంటివే.

ఎంత పట్టుకుంటాయి? చిన్న లెక్క. ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు. మీ ఐదెకరాల కుంట సగటున రెండు మీటర్ల లోతు ఉందనుకుంటే అది పట్టేది 4 కోట్ల లీటర్లు. పైన సిమెంటు తప్ప మట్టి కనబడని కాలనీలైతే పడిన వానలో చాలా భాగం గంటల్లో కిందికొస్తుంది. అంటే కుంట ఖాళీగా ఉంటే ఆ వరదలో సగానికి దగ్గరగా ఆగుతుంది. నిండుగా ఉంటే చుక్క ఆగదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు పడింది. అప్పుడు ఏ కుంటలో ఎంత జాగా ఉంది అన్నదే ఏ కాలనీ మునిగింది అన్నదాన్ని చాలా చోట్ల తేల్చింది.

కుంట ఎప్పుడూ నిండుగా ఉందంటే సంతోషించకండి. దీన్ని జనానికి ఒప్పించడం నాకు అన్నిటికంటే కష్టం. వెనకటి చెరువు మేలో అడుగంటేది. తూము కింద పొలాలకు నీళ్ళు పోయేవి, కొంత ఇంకేది, కొంత ఎండకు పోయేది. జూన్‌లో వాన వచ్చేసరికి జాగా ఉండేది. ఇప్పుడు తూము కింద పొలాల్లేవు, అపార్ట్‌మెంట్లున్నాయి. తూము మూసేశారు. పైనుంచి మురుగు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. మే నెలలోనూ చెరువు మత్తడి అంచున నిలబడి ఉంటుంది. పచ్చగా గుర్రపు డెక్క కప్పేసి, పైనుంచి చూస్తే పార్కులా ఉంటుంది. మొదటి గట్టి వానకే అది పొంగుతుంది. కాబట్టి మీ కుంటకు తూము ఉందా, ఉంటే తెరుచుకుంటుందా చూడండి. మే నెలాఖరుకు మట్టాన్ని కొంత దించి ఉంచమని ఇరిగేషన్ వాళ్ళను ముందుగానే, ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా అడగండి. జులైలో అడిగితే అయ్యే పని కాదు.

ఇక మత్తడి. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) అని అందరూ అంటారు, అది నేల మీద గీసిన గీత అనుకుంటారు. కాదు, అది ఒక ఎత్తు. హుస్సేన్ సాగర్‌కు 513.41 మీటర్లు అన్నట్టు. మామూలు చెరువులో ఆ ఎత్తును నిర్ణయించేది మత్తడి పైఅంచు. నీళ్ళు ఆ అంచు దాకా నిలిస్తే ఎంత మేర పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్ పరిధి. ఇప్పుడు ఆలోచించండి, శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే భూమి, చదునుగా ఉంటుంది. నూటికి ఒకటి వాలు ఉందనుకుంటే, మత్తడిని ఒక్క అడుగు దించితే నీటి అంచు వంద అడుగులు వెనక్కి పోతుంది. కుంటలో ఒక్క టిప్పరు మట్టి పోయనక్కర్లేదు. రెండు రాళ్ళు పీకితే చాలు, మరుసటి ఏడాదికి ప్లాట్లు తేలతాయి. తర్వాత సర్వేకు వచ్చినవాళ్ళు అప్పటి నీటి అంచును చూసి 'ఇదీ చెరువు' అని రాసుకుపోతారు.

ఉత్తరం వైపు ఒక చెరువు మత్తడి చూడ్డానికి వెళ్ళినప్పుడు కనబడింది చెప్తాను. పాత మత్తడి, గ్రానైటు రాళ్ళు, సున్నపు గార. రాళ్ళ మీద ఏళ్ళ నాటి నల్లటి నాచు పొర. మధ్యలో రెండు గజాల వెడల్పున మాత్రం రాళ్ళు లేవు, పక్క రాళ్ళ కోతలు తెల్లగా కొత్తగా ఉన్నాయి. వరదకు కొట్టుకుపోయిందని చెప్పారు. వరదకు పోతే రాళ్ళు కిందివైపు పడి ఉండాలి కదా. అక్కడ ఒక్కటీ లేదు. కట్ట మీద నడిచి తూము దాకా పోతే తూము రాతి మీద తెల్లటి ఉప్పు చార, పాత నీటి మట్టం. దాని నుంచి ఆటో లెవెల్‌తో (ఎత్తులు కొలిచే సర్వే పరికరం) చూస్తే మత్తడి గండి అడుగు మూడడుగులు కిందికి ఉంది. ఆ చార ఫొటో, లెవెల్ రీడింగూ, పాత మెమోయిర్‌లోని (ఇరిగేషన్ శాఖ చెరువు రికార్డు) మత్తడి ఎత్తూ మూడూ కలిపి పెట్టాకే ఫైలు కదిలింది. గండిని పూడ్చి పాత అంచుకు తెచ్చారు. తర్వాతి వానల్లో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో నీళ్ళే చూపించాయి, ఎవరితోనూ వాదించే పని పడలేదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. బోటింగు కోసమో, నిండుగా కనబడాలనో మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఎత్తు పెంచుతారు. అప్పుడు పైవాళ్ళు మునుగుతారు, కట్ట మీద బరువు పెరుగుతుంది. మట్టి కట్ట మీదుగా నీళ్ళు పొర్లాయంటే అది ఇక ఆగదు. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ ఎలా మునిగిందో ఆ వైపు వాళ్ళను అడిగితే చెప్తారు. అదే నెలలో కొంపల్లి పక్కన ఫాక్స్ సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ వారాల తరబడి నీళ్ళలో ఉంది. అక్కడ కట్ట తెగలేదు. చెరువు తన జాగా వరకు వచ్చింది, అంతే.

అందుకని మీరు ఈ వారంలో చేయగల పని: మత్తడికి నాలుగు వైపులా ఫొటోలు తీయండి, పక్కన టేపు పెట్టి. కట్ట మీద కదలని ఒక గుర్తు, తూము రాయో కరెంటు స్తంభం దిమ్మెనో, చూసుకుని అక్కడి నుంచి మత్తడి అంచు ఎంత కిందికి ఉందో ఒక సర్వేయరు చేత కొలిపించి పెట్టుకోండి. పెద్ద ఖర్చు కాదు. కాలనీ అసోసియేషన్ ఫండ్‌లోంచి అయిపోతుంది.

ఇప్పుడు ట్రాకు సంగతి. నేను ట్రాకుకు వ్యతిరేకం కాదు. పొద్దున్నే పదిమంది నడిచే చోట రాత్రి టిప్పరు రావడానికి జంకుతుంది. కానీ ట్రాకు, ఫెన్సింగు ఎఫ్‌టీఎల్ గీతకు బయట వేస్తున్నారా, లోపల వేస్తున్నారా అన్నదే అడగాల్సిన ప్రశ్న. లోపల మట్టి పోసి రింగు కట్ట కట్టి దాని మీద టైల్స్ పరిస్తే, ఐదెకరాల కుంట మూడున్నర అవుతుంది. ఫెన్సింగు అవతల మిగిలిన ఎకరంన్నర ఎవరిదో ఒకరిది అయిపోతుంది, ప్రభుత్వమే గీత గీసిచ్చినట్టు. పైగా చుట్టూ కట్ట కడితే పక్క వాలు నుంచి వచ్చే వాననీళ్ళు లోపలికి రాలేవు. ట్రాకు కింద అక్కడక్కడా తూములు వదలమనండి. డ్రాయింగు చూపించమని అడగండి, అందులో ఎఫ్‌టీఎల్ గీతా ట్రాకు గీతా రెండూ ఒకే షీటు మీద ఉండాలి. వేరువేరు షీట్లు ఇస్తే అనుమానించండి.

నాలాకు బాక్స్ డ్రెయిన్ కూడా అంతే. ఇరుకు బస్తీల్లో ఇళ్ళ మధ్య వేరే దారి లేనప్పుడు కాంక్రీటు గోడలు తప్పవు, 2021 తర్వాత నాలాల పథకం కింద చాలా చోట్ల అలాగే కట్టారు, కొన్ని చోట్ల మునక తగ్గింది కూడా. మీ దగ్గర మాత్రం ఇంకా మట్టి ఒడ్లున్న నాలా. దాన్ని మూత పెట్టిన పెట్టెలో పెడితే నీళ్ళు వేగంగా పోతాయి, అంటే వరదను కింది కాలనీకి తొందరగా అప్పజెప్తాం. లోపల పూడిక తీయడం నరకం, ఎవడు ఎక్కడ మురుగు పైపు కలిపాడో కనబడదు, మూత పడిన నెలకు దాని మీద పార్కింగు, ఏడాదికి డబ్బాలు. ఒడ్లకు రాళ్ళ పరుపో (పిచింగు), వైరు బుట్టల్లో రాళ్ళు నింపిన గేబియన్లో పెట్టి, పైన తెరిచి ఉంచి, రెండు పక్కలా బఫరు, అంటే ఏమీ కట్టకూడని ఖాళీ జాగా, వదిలితే సరిపోతుంది. కుంటలో కలిసే ముందు ఒక పూడిక గుంట, చెత్త ఆపే జాలీ. జాలీ దగ్గరికి జేసీబీ రావడానికి దారి ఉండాలి, ఇది చాలా డిజైన్లలో మర్చిపోతారు.

బఫరు ఎంత అంటారా: 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు, శిఖం భూములకు 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. మీ కుంటకు 9. ఆ 2 మీటర్లు జేసీబీ దిగడానికి కూడా చాలదన్నది నా అభిప్రాయం, కానీ రూలు రూలే. బఫరును ఎఫ్‌టీఎల్ అంచు నుంచి కొలవాలి, ఇవాళ నీళ్ళున్న చోటి నుంచి కాదు.

మురుగు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. సుందరీకరణ డీపీఆర్‌లో (పూర్తి ప్రాజెక్టు నివేదిక) 'మురుగు మళ్ళింపు' అని ఒక లైను ఉంటుంది. నాలాకు అడ్డంగా చిన్న గోడ కట్టి, ఎండాకాలపు ప్రవాహాన్ని పైపులోకి తిప్పి ఎస్టీపీకి (మురుగు శుద్ధి కేంద్రం) పంపడం. హుస్సేన్ సాగర్‌కు కూకట్‌పల్లి నాలా నీళ్ళను అలాగే పక్కకు తిప్పి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. పద్ధతి మంచిదే. రెండు చోట్ల చెడుతుంది. గోడ దగ్గర ప్లాస్టిక్ అడ్డం పడితే మురుగంతా మళ్ళీ చెరువులోకే. లేదంటే గోడను మరీ ఎత్తుగా కట్టేసి వాననీళ్ళను కూడా పైపులోకే పంపేస్తారు, రెండేళ్ళలో చెరువు ఎండి మైదానమవుతుంది, అప్పుడు 'ఇది చెరువే కాదు' అంటారు. గోడ ఎత్తు ఎంతో, నెలకెన్నిసార్లు శుభ్రం చేస్తారో, ఎవరు చేస్తారో అడిగి రాయించుకోండి. 2021లో నగరానికి 31 ఎస్టీపీలు మంజూరయ్యాయి, కానీ మీ పై కాలనీ లైను ఆ ఎస్టీపీ దాకా కలిసిందా లేదా అన్నదే మీకు కావాల్సిన సంగతి. ఇక నీటి మీద తేలే మొక్కల తెప్పలు: 2018లో నెక్నాంపూర్ చెరువులో పెట్టినప్పటి నుంచి అందరూ అడుగుతున్నారు. శుద్ధి చేసి వదిలిన నీళ్ళను ఇంకాస్త తేర్చడానికి అవి పనికొస్తాయి. పచ్చి మురుగు వచ్చిపడే చోట పెడితే తెప్పల ఫొటోలు తప్ప ఏమీ మిగలదు.

పూడికతీత: కుంటను గిన్నెలా తవ్వనివ్వకండి. అంచుల్లో మోకాలి లోతు నీళ్ళు, తుంగ, బురద ఉండాలి. కొంగలూ ఉల్లంకి పిట్టలూ మేసేది అక్కడే, వచ్చే నీటిని ముందు వడగట్టేదీ ఆ తుంగే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుకు పక్షులు చేరేది ఆ లోతు తక్కువ అంచుల కోసమే. కట్ట పాదం దగ్గర అసలు తవ్వకూడదు, కట్ట జారుతుంది. అడుగున జిగురు నల్లమట్టి పొర తగిలాక ఆపేయాలి, అది చీలితే నీళ్ళు నిలవవు. తీసిన మట్టిని మిషన్ కాకతీయలో పొలాలకు తోలినట్టు ఇక్కడ ఇంటి కూరగాయల మళ్ళలో వేసుకోకండి. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసిన నాలా అయితే అందులో ఏముందో పరీక్ష చేస్తేగానీ తెలియదు.

కాగితాలు. హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మీ మండలం, గ్రామం పెట్టి వెతికితే కుంటకు ఒక ఐడీ, మ్యాపు దొరకొచ్చు. అందులో ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా చూడండి. ప్రాథమికమే అయితే అభ్యంతరాలకు ఇంకా తావుంది, మీకూ, అవతలి వాళ్ళకూ. దాంతో పాటు తహసీల్దార్ ఆఫీసులో విలేజ్ మ్యాపు, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ (ఈ రెండూ పాత భూమి రికార్డులు) నకళ్ళు తీసుకోండి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో నాలా ఏ దారిన వచ్చేదో కనబడుతుంది. కంప్యూటర్ మీద పాత శాటిలైట్ ఫొటోలు ఏడాదివారీగా చూస్తే మట్టి ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. మత్తడి ఎత్తు, ఆయకట్టు వివరాలకు ఇరిగేషన్ డివిజన్‌కు ఆర్టీఐ పెట్టండి. మన చెరువులకు కేంద్రం 2017 చిత్తడి నేలల నిబంధనలు రక్షణ ఇస్తాయని కొందరు చెప్తారు. సాగుకు, తాగునీటికి మనుషులు కట్టిన చెరువులను ఆ నిబంధనలు నిర్వచనంలోనే బయట పెట్టాయి. మీ అర్జీని వాటి మీద నిలబెట్టకండి. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం), జీవో 168, రెవెన్యూ రికార్డులే మీ పట్టు.

పట్టాదారుల గురించి ఒక మాట. శిఖంలో పట్టా ఉన్నవాళ్ళందరూ కబ్జాదారులు కాదు. నీళ్ళు తగ్గినప్పుడు ఆ భూమిలో దున్నుకున్న కుటుంబాలు అవి. భూమి వాళ్ళదే, కట్టడానికి మాత్రం వీల్లేదు. వాళ్ళను శత్రువుల్ని చేసుకున్న కాలనీలు కోర్టు వాయిదాల్లో ఇరుక్కున్నాయి. టీడీఆర్ కింద, అంటే భూమి వదులుకున్నందుకు బదులుగా వేరే చోట కట్టుకునే లేదా అమ్ముకునే అభివృద్ధి హక్కులు తీసుకునే వీలుందని కూర్చోబెట్టి చెప్పిన చోట కొందరు ముందుకొచ్చారు. టిప్పరు పంపేది తరచుగా వాళ్ళు కాదు, వాళ్ళ దగ్గర అగ్రిమెంటు రాయించుకున్నవాడు.

పూడిపోయిన కుంట తిరిగి రాదని మాత్రం అనుకోకండి. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ముళ్ళపొదలూ చెత్తా నిండి ఖాళీ జాగాలా ఉండేది. 2025లో హైడ్రా (చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ) తవ్వితే నీళ్ళు ఉబికాయి, ఐదెకరాల పైచిలుకులో కుంటగా బాగుచేశారు. వెనకటి విస్తీర్ణంలో అది మూడో వంతు మాత్రమే అన్నదీ గుర్తుంచుకోండి.

టిప్పర్లకు మీరు స్వయంగా అడ్డం పోవద్దు, ముఖ్యంగా రాత్రి. దూరం నుంచి నంబరు ప్లేటు, టైము కనబడేలా వీడియో తీయండి, 100కు ఫోన్ చేయండి. మర్నాడు తహసీల్దార్‌కు, ఇరిగేషన్ ఏఈకి, హైడ్రా సోమవారం ప్రజావాణిలో ఒకే అర్జీ ఇచ్చి మూడు చోట్లా రసీదు తీసుకోండి. అర్జీలో 'కుంటను కాపాడండి' అని కాకుండా 'ఫలానా సర్వే నంబరులో, ఫలానా మూల, ఇంత మేర మట్టి పోశారు, తీయించండి' అని రాయండి. ఏఈ స్థాయిలో చేయగల పని అడిగితే అవుతుంది. చేయలేని పని అడిగితే ఫైలు పైకి పోయి అక్కడే ఉంటుంది.

ఇవన్నీ తేలకపోతే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది. అక్కడ గడువు కఠినం: వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. కాబట్టి మొదటి టిప్పరు ఏ రాత్రి వచ్చిందో కాలనీ వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెతకండి, ఎవరో ఒకరు ఫొటో పెట్టే ఉంటారు. ఆ మెసేజ్‌ను తేదీతో సహా సేవ్ చేసుకుని, బాక్స్ డ్రెయిన్ టెండరు పడకముందే డ్రాయింగు కాపీ అడిగి, రెండూ చేతికొచ్చాక మళ్ళీ రాయండి. మత్తడి ఫొటోలు కూడా పెడితే ఎత్తు సంగతి చూసి చెప్తాను.